స్టిల్ట్ పార్కింగ్‌లో కారు చార్జర్: ఎర్తింగ్ బాగాలేదు, న్యూట్రల్‌కి కలిపేద్దామంటున్నారు

సత్యనారాయణపురం 302
శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురంలో 15 ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్. పోయిన నెల ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను. బ్యాటరీ 40 యూనిట్లు. ఉద్యోగం గుంటూరులో. రోజూ రానుపోను 75 కిలోమీటర్లు తిరగాలి. ఇంకో మూడు వారాల్లో బండి చేతికొస్తుంది.

కారుతో పాటు 7.2 కిలోవాట్ల చార్జర్ ఇస్తున్నారు. అది బిగించే చోటు చూడ్డానికి నిన్న ఒకాయన వచ్చారు. మా మీటర్ బోర్డు మెట్ల పక్కన ఉంది, నా పార్కింగేమో వెనక మూల. పైపు వెళ్లే దారిలో టేపు పెట్టి కొలిస్తే 38 మీటర్లు వచ్చింది. 15 మీటర్ల వైరే ఉచితం, మిగతాది మీరే కొనాలన్నారు. అదైతే ముందే తెలుసు. అసలు సమస్య ఆ తర్వాత బయటపడింది.

పార్కింగ్ దగ్గరున్న సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 231 వోల్టులు, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 168, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 61 ఉన్నాయి. ఇలా ఉంటే చార్జర్ ఎర్రలైటు వేసి ఆగిపోతుందట. "దీనికి టెన్షన్ ఎందుకు సార్, బాక్సులో న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైరు ముక్క వేసేస్తా, పచ్చలైటు వచ్చేస్తుంది, చాలా ఇళ్లలో ఇలాగే చేశాం" అన్నారు.

నేను ఆలోచించుకుని చెప్తానన్నాను. మా పాప ఆరేళ్లది, ఎప్పుడూ ఆ పార్కింగ్‌లోనే సైకిల్ తొక్కుతుంది. అందుకే మనసు ఒప్పుకోవడం లేదు. ఈ పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇంకో మాట. మా ఫ్లాటుకి మంజూరైన లోడ్ 3 కిలోవాట్లు, సింగిల్ ఫేజ్. రెండు ఏసీలు, ఒక గీజర్ ఉన్నాయి.


పటమట వైరింగ్
శనివారం, రాత్రి 10.05

అన్నా, ఆ ముక్క మాత్రం వేయనివ్వొద్దు. నేను 22 ఏళ్లుగా వైరింగ్ పనిలోనే ఉన్నాను. చార్జర్ ఎర్రలైటు వేసిందంటే అది తన పని తాను చేసింది. ఎర్త్ లేదని మనకి చెప్తోంది. మనం దాని నోరు నొక్కేస్తే ఎలా? మీ పాప ఆ కారు తలుపు పట్టుకుంటుంది కదా.

రేపు పొద్దున వివరంగా రాస్తాను, ఇంకా సైటులోనే ఉన్నా.


కొరిటెపాడు ఇల్లు
శనివారం, రాత్రి 10.32

గుంటూరులో మాది సొంత ఇల్లు. రెండేళ్లుగా ఇంట్లోనే చార్జింగ్. మాకూ ఇదే ఎర్రలైటు వచ్చింది, కానీ కొత్తలో కాదు. మొదటి ఎండాకాలం మే నెలలో వచ్చింది. అప్పటిదాకా బాగా పనిచేసిన చార్జర్ ఒక రాత్రి ఆగిపోయింది. కారు పాడైందేమోనని భయపడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాం. చివరికి చూస్తే ఎర్త్ గుంత, అంటే ఎర్త్ వైరుని భూమికి కలిపే గుంత, ఎండిపోయింది. మాది నల్లరేగడి నేల. ఎండకి బీటలు పడి మట్టి పైపు చుట్టూ వదులైపోయింది. నాలుగు బిందెల నీళ్లు పోసి పొద్దున చూస్తే చార్జర్ మామూలుగా పనిచేసింది.

అప్పటి నుంచి ఫిబ్రవరి చివర నుంచి వానలు పడేదాకా వారానికోసారి గుంతలో నీళ్లు పోస్తాం. తులసికోటకి పోసినట్టే, మా ఆవిడకి అది అలవాటైపోయింది. మీది పాత అపార్ట్‌మెంట్ కాబట్టి ముందు అసలు ఎర్త్ గుంత ఎక్కడుందో వెతకండి. చాలాచోట్ల దాని మీద టైల్స్ వేసేసి ఉంటారు.


విశ్రాంత ఏఈ
ఆదివారం, ఉదయం 6.50

నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేసి రిటైరయ్యాను. 302 గారు అడిగింది ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ అంకెల సంగతి. ఎర్త్ బాగుంటే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు 230 రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు, మహా అయితే ఐదు ఉండాలి. మీకు 168, 61 వచ్చాయి. రెండూ కలిపితే 229. అంటే ఆ ఎర్త్ వైరు భూమికి అందడం లేదు, మధ్యలో గాలిలో ఉంది. మీటరు చూపించేది అటూ ఇటూ వైర్ల పక్కన ఉండటం వల్ల వచ్చే నీడ వోల్టేజీ. ఎక్కడో తెగి ఉండాలి, లేదా గుంత పూర్తిగా పోయి ఉండాలి.

ఇప్పుడు ఆ వైరు ముక్క సంగతి. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. అందుకే మామూలు రోజుల్లో న్యూట్రల్ ముట్టుకున్నా వోల్టేజీ కనిపించదు. ఆ ముక్క వేస్తే చార్జర్ మోసపోయేది అందుకే. కానీ స్తంభం మీద న్యూట్రల్ తెగిందనుకోండి. గాలివానకి, చెట్టుకొమ్మ పడి, లేదా జంపర్ తీగ కాలి తెగడం నా సర్వీసులో లెక్కలేనన్ని సార్లు చూశాను. అప్పుడు మీ ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్రిజ్ గుండా, ఫ్యాన్ గుండా ఫేజ్ కరెంటు న్యూట్రల్ వైరులోకి వస్తుంది. వెనక్కి పోయే దారి లేదు. ఆ ముక్క గుండా ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి కారుకి గుచ్చే చార్జర్ గన్ గుండా నేరుగా కారు బాడీకి చేరుతుంది. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఎవరైనా నేల మీద నిలబడి తలుపు పట్టుకుంటే వాళ్లే ఆ కరెంటుకి దారి అవుతారు.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే స్విచ్) ఉంది కదా, అది కాపాడదా అంటారు. ఆర్‌సీసీబీ పడిపోయినా అది ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ తెంపుతుంది, ఎర్త్ వైరుని తెంపదు. ఆ ముక్క ఆర్‌సీసీబీకి ముందు వేసి ఉంటే, అది పడిపోయాక కూడా కారు బాడీకి కరెంటు ఉంటుంది. దయచేసి ఈ ఒక్క వాక్యం ఆ వచ్చినాయనకి చదివి వినిపించండి. ఆయనకి చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, ఎవరూ నేర్పి ఉండరు.

దీనికి దారి ఒక్కటే. కొత్త ఎర్త్ గుంత తవ్వించి, చార్జర్‌కి విడిగా ఎర్త్ వైరు లాగించుకోండి.


పటమట వైరింగ్
ఆదివారం, ఉదయం 8.15

సార్ చెప్పింది నూటికి నూరు నిజం. నేను పనివాడి వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను.

గుంత ఎక్కడ తవ్వాలి: కారు పార్కింగ్‌కి దగ్గర్లో, కాంపౌండ్ గోడ పక్కన మట్టి కనిపించే చోట. పునాదికి కనీసం ఐదడుగుల దూరం ఉండాలి. సత్యనారాయణపురం వైపు నేల మెత్తన, తేమ బాగానే ఉంటుంది. మొగల్రాజపురం, గుణదల కొండ పక్కనైతే నాలుగడుగులకే రాయి తగులుతుంది. అక్కడ గుంతలు రెండు తవ్వి కలపాల్సి వస్తుంది. మీకు ఆ బాధ లేదు. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తాం. ఉప్పు పైపుని తినేస్తుందని ఇప్పుడు చాలామంది కెమికల్ ఎర్తింగ్ అడుగుతున్నారు. రాగి పూత ఉన్న రాడ్డు, చుట్టూ బెంటొనైట్ అనే బంకమట్టి పొడి. కొంచెం ఖర్చు ఎక్కువ కానీ ఏటేటా ఉప్పు వేసే పని ఉండదు. ఏది వేసినా పైన సిమెంటు పెట్టె, మూత పెట్టించండి. టైల్స్ కిందకి పోనివ్వొద్దు.

పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిచి చూపించమనండి. మామూలు మల్టీమీటర్‌తో ఓమ్స్ చూసి "బాగుంది" అంటే ఒప్పుకోవద్దు. మా దగ్గర 5 ఓమ్స్ లోపు వస్తేనే పని అయిందంటాం.

కొందరు 100 వాట్ల బల్బు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూస్తారు. నిండుగా వెలిగితే ఎర్త్ ఉందని. అది ఇంట్లోవాళ్లు చేయొద్దు. ఎర్త్ పోయి ఉంటే ఆ బల్బు గుండా కరెంటు ఇంట్లో ఎర్త్ కలిపిన ప్రతి వస్తువు బాడీకీ పాకుతుంది, గీజర్‌తో సహా.


సత్యనారాయణపురం 302
ఆదివారం, ఉదయం 10.20

ఏఈ గారికి, పటమట అన్నకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. మీ జవాబులు మా నాన్నగారికి కూడా చదివి వినిపించాను. ముక్క వేసే ప్రసక్తే లేదు.

ఇంకో రెండు అడగాలి. 38 మీటర్లకి 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు సరిపోతుందన్నారు. నిజమేనా? నా 3 కిలోవాట్ల లోడ్ మీద 7.2 చార్జర్ నడుస్తుందా?


విశ్రాంత ఏఈ
ఆదివారం, ఉదయం 11.30

నడవదు. నడిపినా తప్పు. 7.2 చార్జర్ అంటే 32 యాంపులు. మిక్సీలాగా ఐదు నిమిషాలు కాదు, నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది. పైన రెండు ఏసీలు, పొద్దున్నే గీజర్. మీ సర్వీసు వైరు, మీటరు, బోర్డులో ఫ్యూజు కటౌటు అన్నీ వేడెక్కుతాయి. ఆ చార్జరే కావాలంటే అదనపు లోడ్ కట్టి, త్రీ ఫేజ్ సర్వీసు అడగడమే మంచిది.

కానీ అసలు మీకు 7.2 అవసరమా? లెక్క వేసుకుందాం. రోజుకి 75 కిలోమీటర్లు. యూనిట్‌కి 7 కిలోమీటర్లు అనుకుంటే దాదాపు 11 యూనిట్లు. 3.3 కిలోవాట్ల చార్జర్ మీద మూడున్నర గంటలు. రాత్రి పది గంటలకి పెట్టి పడుకుంటే రెండు లోపే అయిపోతుంది. 3.3 అయితే 14, 15 యాంపులు, అంటే ఒక గీజర్ కన్నా కొంచెం ఎక్కువ. దానికీ లోడ్ పెంచుకోవాలి, కాకపోతే మూడు కిలోవాట్లు కలిపితే చాలు.

వైరు విషయం. 6 స్క్వేర్ రాగి తీగకి కిలోమీటరుకి 3.08 ఓమ్స్ నిరోధం. మీకు పోనూ రానూ 76 మీటర్లు. 32 యాంపుల దగ్గర ఏడున్నర వోల్టులు వైరులోనే పోతాయి. అంటే చార్జింగ్ జరిగినంతసేపూ 240 వాట్లు పైపులో వేడిగా మారుతుంటాయి. పైపు పక్కనే మిగతా ఫ్లాట్ల వైర్లుంటే, మే నెల ఎండ తోడైతే ఆ వేడి బయటికి పోదు. 10 స్క్వేర్ అయితే నాలుగున్నర వోల్టులే పోతాయి. ఇవాళ 3.3 పెట్టినా, 10 స్క్వేర్ లాగించుకుంటే రేపు 7.2కి మారాలన్నా గోడ మళ్లీ కొట్టక్కర్లేదు.


రామవరప్పాడు రింగ్
ఆదివారం, మధ్యాహ్నం 12.10

ఏఈ గారు, గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను నెలకి మూడు నాలుగు సార్లు హైదరాబాద్ వెళ్లొస్తాను. రాత్రి 11కి పది శాతంతో ఇల్లు చేరితే పొద్దున ఆరుకి మళ్లీ బయల్దేరాల్సి ఉంటుంది. 3.3 పెట్టుకుని ఉంటే ఏమయ్యేది? 7.2 ఉంది కాబట్టి పొద్దునకి నిండిపోయింది. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎందుకు వదులుకోవాలి?


విశ్రాంత ఏఈ
ఆదివారం, మధ్యాహ్నం 12.45

మీ అవసరానికి 7.2 సరైనదే, కాదనను. 302 గారి అవసరం వేరు. ఆయన పది శాతంతో వచ్చినా ఏడు గంటల్లో 3.3 మీద 20 యూనిట్లకి పైగా ఎక్కుతుంది. గుంటూరు వెళ్లి రావడానికి ఇంకా మిగులుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గోడకి బిగించేది నిజానికి చార్జర్ కాదు, కరెంటుని జాగ్రత్తగా అందించే స్విచ్ లాంటిది. ఏసీ కరెంటుని డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది. కారులో ఉన్నది 3.3ది అయితే గోడ మీద 7.2 పెట్టినా 3.3 వేగమే వస్తుంది. కొన్ని కార్లలో వేరియంట్‌ని బట్టి ఇది మారుతుంది. బుకింగ్ కాగితంలో చూసుకోండి.


పటమట వైరింగ్
ఆదివారం, మధ్యాహ్నం 2.00

నా వంతు ఒక విన్నపం. 3.3 అంటే ఇంట్లో ఎయిర్ కండిషనర్‌కి పెట్టే మామూలు 16 యాంపుల సాకెట్‌లో గుచ్చేయొచ్చు అనుకుంటారు. పోయిన ఏడాది కానూరులో ఒక ఇంటికి వెళ్లాను. సాకెట్ గోధుమరంగుకి మారి, ప్లగ్గు అతుక్కుపోయింది. రోజూ నాలుగు గంటలు 15 యాంపులు లాగితే లోపలి స్ప్రింగు పట్టు వదులుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి, నీలం రంగుది, మూత ఉంటుంది. లేదా వైరు నేరుగా కలిపే గోడ చార్జర్ పెట్టించండి. వైరు చివర లగ్గు (లోహపు తొడుగు) కొట్టి బిగించాలి, తీగ మెలిపెట్టి స్క్రూ కింద దూర్చకూడదు.

ఆర్‌సీసీబీ టైప్ ఏ అని ఉన్నదే అడగండి, 30 మిల్లీయాంపులది. షాపులో మామూలుగా ఇచ్చేది టైప్ ఏసీ. కారు ఎలక్ట్రానిక్స్ నుంచి కొంచెం డీసీ లీకైతే టైప్ ఏసీ మొద్దుబారిపోతుంది, పడాల్సినప్పుడు పడదు. చార్జర్‌లో 6 మిల్లీయాంపుల డీసీ లీకేజీని కనిపెట్టే ఏర్పాటు ఉందో లేదో కూడా అడగండి.

ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే పడిపోయే స్విచ్) ఉంది కదా ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకి: ఎర్త్ 20 ఓమ్స్ ఉందనుకోండి. ఫేజ్ బాడీకి తగిలితే పారేది 11 యాంపులే. 40 యాంపుల ఎంసీబీకి అది లెక్కే కాదు, హాయిగా నిలబడే ఉంటుంది. ఆర్‌సీసీబీ ఒక్కటే అప్పుడు తెంపుతుంది.


భవానీపురం సెక్రటరీ
ఆదివారం, సాయంత్రం 5.20

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చూస్తుంటాను. 302 గారూ, మీ సెక్రటరీకి చెప్పారా? మా దగ్గర ఒకాయన చెప్పకుండా రాత్రికి రాత్రి కామన్ మీటరు నుంచి లైను లాగేశారు. లిఫ్టు, మోటారు నడిచే మీటరది. రెండు నెలల బిల్లు చూశాక పెద్ద గొడవైంది. ఆ కోపంతో మీటింగ్‌లో "ఎలక్ట్రిక్ కార్లే వద్దు, కాలిపోతాయి" అని తీర్మానం చేయబోయారు. నేను ఆపాను, కానీ వాళ్ల భయాన్ని తప్పు పట్టలేను. మా పెద్దవాళ్లకి ఏం చెప్పాలో మీరంతా చెప్పండి.


విశ్రాంత ఏఈ
ఆదివారం, సాయంత్రం 6.30

సెక్రటరీ గారూ, రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే సొంత వాహనం చార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. కావాలంటే చార్జింగ్ కోసమే విడిగా కనెక్షన్ తీసుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించారు. కాబట్టి అడిగినవాళ్లు గొంతెమ్మ కోరికేమీ కోరడం లేదు.

రెండోది, వాళ్ల భయానికి జవాబు. ఎవరి లైను వాళ్ల సొంత మీటరు నుంచే రావాలి, కామన్ మీటరు ముట్టుకోకూడదు. వైరు పైపులో పోవాలి, దారిలో ఎక్కడా జాయింటు ఉండకూడదు. ఎర్త్ రీడింగ్ కాగితం మీద రాయించి అసోసియేషన్‌కి ఒక కాపీ ఇవ్వాలి. ఇలా నియమం పెడితే అందరికీ నిశ్చింత.

ఇంకా ముందుచూపు ఉంటే ఇప్పుడే ఆలోచించండి. ఇవాళ ఒక కారు. మూడేళ్లలో ఐదు కావచ్చు. ఐదు కార్లు ఒకేసారి 7.2 లాగితే 36 కిలోవాట్లు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ 63 కేవీఏదో 100 కేవీఏదో అయితే అందులో అది పెద్ద భాగమే. వేసవి రాత్రి పదింటికి ఏసీలన్నీ నడుస్తుండగా ఫ్యూజు పోతే వీధి వీధంతా చీకటి. అందరూ 3.3 పెట్టుకుని, కొందరు పదింటికి, కొందరు రెండింటికి టైమర్ పెట్టుకుంటే ఆ ఇబ్బంది రాదు. పైపు కూడా ఇప్పుడే పెద్దది వేయించి, అందరి వైర్లూ పోయేలా దారి ఉంచండి.


సింగ్‌నగర్ మొదటి అంతస్తు
ఆదివారం, రాత్రి 8.45

అందరూ అన్నీ చెప్పారు, ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. తెల్లారేసరికి బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చేసింది. మధ్యాహ్నానికి స్టిల్ట్‌లో స్కూటర్లు కనిపించలేదు. మా మెట్ల దగ్గర మీటర్ బోర్డు నడుము ఎత్తున ఉండేది, అది మొత్తం మునిగింది. కరెంటు ముందే తీసేశారు కాబట్టి బతికాం. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పడవల మీద, డ్రోన్ల మీద వచ్చిన రోజులవి. నీళ్లు పోయాక చూస్తే గోడ మీద ఐదున్నర అడుగుల దగ్గర బురద గీత. ఇప్పటికీ మా స్టిల్ట్‌లో ఆ గీత చెరపలేదు.

మా కింద ఫ్లాటాయన చార్జర్ మూడడుగుల ఎత్తున పెట్టుకున్నారు. చూడ్డానికి బాగుంటుందని అలా బిగించారు. దాని మీద నీళ్లు, దుమ్ము లోపలికి రావని రాసి ఉంది. అది వానకి. వారం పైన బురదనీళ్లలో ఉండటానికి కాదు.

సత్యనారాయణపురం సింగ్‌నగర్ కాదు, నాకు తెలుసు. కానీ రైలు కట్ట అవతలే కదా. చార్జర్ పెట్టె ఆరడుగుల పైన పెట్టించండి. గన్ తగిలించే కొక్కెం కింద ఉన్నా ఫర్వాలేదు. మెయిన్ స్విచ్ మాత్రం మొదటి అంతస్తు మెట్ల మలుపు దగ్గర పెట్టండి, నీళ్లు వస్తుంటే కిందకి దిగకుండా కట్టేయడానికి వీలుంటుంది. ఒకసారి మునిగిన చార్జర్‌ని, మునిగిన కారుని ఎండబెట్టి గుచ్చేయకండి. ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడాలి, కారుని కంపెనీవాళ్లు చూడాలి. వరద రోజుల్లో మాకు కారు కన్నా ఇదే పెద్ద దిగులు, ఎవరు తొందరపడి స్విచ్ వేస్తారో అని.


పటమట వైరింగ్
ఆదివారం, రాత్రి 9.00

ఇన్నేళ్ల పనిలో నేను ఎత్తు గురించి ఇలా ఆలోచించలేదు. ఇకమీదట ప్రతి స్టిల్ట్‌లో ముందు పాతవాళ్లని నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగే మార్కింగ్ చేస్తాను.


తాడేపల్లి పైకప్పు
సోమవారం, ఉదయం 7.10

బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు. 302 గారూ, మీ ఇంటి వాడకం నెలకి ఎంత?


సత్యనారాయణపురం 302
సోమవారం, ఉదయం 7.25

సగటున 240 యూనిట్లు అండీ.


తాడేపల్లి పైకప్పు
సోమవారం, ఉదయం 8.05

అయితే చూడండి. రోజుకి 75 చొప్పున 25 రోజులు, 1875 కిలోమీటర్లు. దాదాపు 268 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఇళ్ల స్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, ఆపైన 9.75. మీ కారు యూనిట్లన్నీ ఈ పై స్లాబుల్లోనే పడతాయి, కింది చవక స్లాబులు ఇల్లే వాడేసుకుంది. 160 యూనిట్లకి 1400, మిగిలిన 108కి 1053. మొత్తం 2453 రూపాయలు, దాని మీద సర్దుబాటు చార్జీలు అదనం. చాలామంది "యూనిట్ మూడు రూపాయలే కదా" అని లెక్కేసుకుని బిల్లు చూసి కంగారు పడతారు. అది తప్పు లెక్క.

అయినా పెట్రోలుతో పోలిస్తే ఎక్కడా పొంతన లేదు. లీటరుకి 16 ఇచ్చే కారైతే అదే దూరానికి 117 లీటర్లు. లీటరు 110 లెక్కన 12 వేల 800 పైనే. విడి కనెక్షన్ తీసుకునే ఆలోచన ఉంటే చార్జింగ్ కేటగిరీ రేటు, లోడ్ చార్జీలు కరెంటు సెక్షన్ ఆఫీసులో కనుక్కుని ఈ 2453తో పోల్చుకోండి.

మాది ఇండిపెండెంట్ ఇల్లు కాబట్టి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్ పలకలు వేయించాం, 78 వేల సబ్సిడీ వచ్చింది. ఎండ బాగున్న రోజు 12 యూనిట్లు. కారు తాగేది అంతే. అపార్ట్‌మెంట్‌లో పైకప్పు అందరిదీ కాబట్టి మీకు అంత సులువు కాదు.


మాచవరం టీచర్
సోమవారం, రాత్రి 9.15

నాకు కారు లేదు, స్కూటరే. బ్యాటరీ విప్పి పైకి తెచ్చుకుని పడకగదిలో చార్జింగ్ పెడతాను, ఎందుకంటే కింద సాకెట్ లేదు. ఇది చదివాక భయం వేస్తోంది. పెట్టొచ్చా?


పటమట వైరింగ్
సోమవారం, రాత్రి 9.40

వద్దమ్మా. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే పడకగదిలో రాత్రి చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి చనిపోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ తర్వాత బ్యాటరీల భద్రత నిబంధనలు కట్టుదిట్టం చేశారు. ఏఐఎస్ 156 అనే ప్రమాణానికి సవరణలు 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి నుంచి రెండు విడతల్లో వచ్చాయి. మీ బండి అంతకు ముందుదైతే ఇంకా జాగ్రత్త. పైకే తెచ్చుకోవాల్సి వస్తే బాల్కనీలో, గచ్చు మీద, పరుపులకీ కర్టెన్లకీ దూరంగా పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని గంట చల్లారనిచ్చి అప్పుడు గుచ్చండి. బయటికి వెళ్లే గుమ్మానికి అడ్డంగా మాత్రం పెట్టొద్దు. కింద సాకెట్ పెట్టించమని మీ ఓనరు గారిని అడగండి, పెద్ద ఖర్చు కాదు.


సత్యనారాయణపురం 302
మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9.30

పని పూర్తయింది. అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

ముందు మా సెక్రటరీ గారికి ఉత్తరం ఇచ్చాను. ఏఈ గారు చెప్పిన మాటలే రాశాను. మీటింగ్‌లో ఇద్దరు అడ్డుచెప్పారు, ఎర్త్ గుంత కొత్తది నా ఖర్చుతో వేయిస్తానని, బిల్డింగ్ ఎర్తింగ్ కూడా చూపించి బాగుచేయిస్తే అందరికీ మంచిదని చెప్తే ఒప్పుకున్నారు. పాత గుంత ఎక్కడుందో తెలుసా? కొరిటెపాడు వారు చెప్పినట్టే టైల్స్ కింద, వాచ్‌మన్ గది మూలన. తీసి చూస్తే పైపుకి బిగించిన జీఐ పట్టీ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎన్నేళ్లుగా 15 ఫ్లాట్లు ఎర్త్ లేకుండా బతికాయో. మా పక్కింటి మామ్మ గారు గీజర్ వేస్తే చెయ్యి జిమ్మంటోందని రెండేళ్లుగా చెప్తూనే ఉన్నారట, ఎవరూ పట్టించుకోలేదు. అది విన్నాక నాకు చాలా బాధేసింది. ఆ పాత గుంత కూడా అసోసియేషన్ డబ్బుతో మళ్లీ వేయించారు.

నాది కాంపౌండ్ గోడ పక్కన కెమికల్ ఎర్తింగ్. ఎర్త్ టెస్టర్‌లో 3.1 ఓమ్స్ వచ్చింది. ఇప్పుడు ఫేజ్ ఎర్త్ మధ్య 229, న్యూట్రల్ ఎర్త్ మధ్య 1.8. ఆ అంకెలు ఫొటో తీసి పెట్టుకున్నాను.

లోడ్ ఇంకో 3 కిలోవాట్లు పెంచమని దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాను. మంజూరైంది. చార్జర్ 3.3దే. వైరు మాత్రం 10 స్క్వేర్ మూడు తీగలు, ఎర్త్ కూడా 10. ఆర్‌సీసీబీ టైప్ ఏ మొదటి రెండు షాపుల్లో దొరకలేదు, మూడో షాపులో దొరికింది. పెట్టె నేల నుంచి ఆరడుగుల రెండంగుళాల ఎత్తున ఉంది. మెయిన్ స్విచ్ మొదటి అంతస్తు మెట్ల మలుపులో. వైరు, పైపు, పెట్టె, గుంత, కూలి అన్నీ కలిపి నాకు 36 వేలయింది, లోడ్ డబ్బు కాకుండా. 7.2 చార్జర్ పెట్టెలోనే ఉంది, దాచాను.

న్యూట్రల్ ముక్క వేస్తానన్న ఆయన్నే పిలిచి ఏఈ గారి వాక్యం చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను చేసిన ఇళ్లకి మళ్లీ వెళ్లి తీసేస్తాను సార్" అన్నారు. ఎన్ని ఇళ్లని అడిగితే పదకొండు అన్నారు. పోయిన వారం ఫోన్ చేసి నాలుగు తీశానని చెప్పారు.


విశ్రాంత ఏఈ
ఆదివారం, ఉదయం 10.05

302 గారూ, మిగిలిన ఏడు ఇళ్లలో ఎర్త్ గుంత వేయించుకోవడానికి ఎవరైనా వెనకాడితే ఆ ముక్క వేసినాయన్ని నాకు ఫోన్ చేయమనండి. నంబరు మీకు విడిగా పంపిస్తున్నాను. నేనే వెళ్లి ఆ ఇంటివాళ్లతో మాట్లాడతాను.


పటమట వైరింగ్
ఆదివారం, ఉదయం 10.20

సార్, ఎర్త్ టెస్టర్ నాది తీసుకొస్తాను. పటమట, కానూరు వైపు ఇళ్లయితే నాకు వదిలేయండి.